పదో సంతకం: ఒక చిన్న పార్టీ నామినేషన్ల కేస్ స్టడీ

2023 నవంబర్ 10, శుక్రవారం. తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల నామినేషన్లకు ఆఖరి రోజు. మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక ఆర్వో (రిటర్నింగ్ అధికారి) ఆఫీసు గేటు దగ్గర నిలబడి నేను రోడ్డు వైపే చూస్తున్నాను. వంద మీటర్ల అవతల, బారికేడ్ దగ్గర ఆటో ఆగింది. ఒక అవ్వ దిగి, చెప్పులు చేత పట్టుకుని గబగబా నడిచొస్తోంది. మా అభ్యర్థి నామినేషన్ పత్రాల రెండో సెట్టులో ఆమె పదో ప్రతిపాదకురాలు. సంతకం రాదు, వేలిముద్రే. సంతకం వచ్చినవాళ్లయితే ఇంటి దగ్గరే చేయించుకుని కాగితం తెచ్చుకోవచ్చు. వేలిముద్ర మాత్రం ఆర్వో ముందో, ఆయన అధికారమిచ్చిన ఆఫీసరు ముందో వేయాలి. ఊళ్లో వేయించి తెస్తే చెల్లదు. మూడింటికి తలుపు మూస్తారు.

పక్క గదిలో అదే సమయానికి ఒక పెద్ద పార్టీ అభ్యర్థి పూలదండతో కూర్చున్నాడు. మా వాళ్లకు పదిమంది కావాలి, ఆయనకు ప్రతిపాదకుడు ఒక్కడు చాలు. ఆ ఒక్కడు పొద్దుటి నుంచీ ఆయన వెంటే ఉన్నాడు.

నేను వకీలును. ఎన్నికలొస్తే పార్టీల నామినేషన్ పేపర్లు చూస్తాను. పెద్దవాళ్లవీ చూశాను, చిన్నవాళ్లవీ చూశాను. ఇక్కడ రాస్తున్నది ఎన్నికల సంఘం దగ్గర రిజిస్టరై, తగినన్ని ఓట్లో సీట్లో రాక గుర్తింపు మాత్రం లేని ఒక చిన్న పార్టీ కేసు. పార్టీ పేరు, గుర్తు, నియోజకవర్గాలు చెప్పను. గుర్తు చెప్తే పేరు చెప్పినట్టే.

ఆరు అనే అంకె

పార్టీ వాళ్లు నా దగ్గరికి వచ్చింది 2023 వేసవిలో. అప్పటికి వాళ్ల ధ్యాసంతా మేనిఫెస్టో మీద ఉంది. నేను అడిగిన మొదటి ప్రశ్న, "కామన్ సింబల్‌కు దరఖాస్తు పెట్టారా?" మొహాలు చూసుకున్నారు.

గుర్తింపు పొందిన పార్టీకి గుర్తు రిజర్వై ఉంటుంది. రిజిస్టర్ మాత్రమే అయిన పార్టీకి అలా ఉండదు. ఏమీ చేయకుండా కూర్చుంటే ఎనిమిది చోట్ల నిలబడిన ఎనిమిది మందికి ఎనిమిది గుర్తులొస్తాయి. ఒకచోట ప్రెషర్ కుక్కర్, పక్క నియోజకవర్గంలో బ్యాటు. దాన్ని తప్పించుకోవడానికి 1968 నాటి గుర్తుల ఉత్తర్వులో 10బి అనే పేరా ఉంది. దాని కింద దరఖాస్తు పెట్టుకుంటే పార్టీ అభ్యర్థులందరికీ ఒకే ఫ్రీ సింబల్ (ఏ పార్టీకీ రిజర్వు కాని గుర్తు) ఇస్తారు. షరతేమిటంటే, రాష్ట్రంలోని సీట్లలో కనీసం 5 శాతం చోట్ల పోటీ చేస్తామని హామీ ఇవ్వాలి. తెలంగాణలో సీట్లు 119. అందులో 5 శాతమంటే 5.95. పాయింట్ తొమ్మిది అయిదు మంది అభ్యర్థులు ఉండరు కాబట్టి ఆరుగురు.

దరఖాస్తుల కిటికీ సభ గడువు ముగియడానికి ఆరు నెలల ముందు తెరుచుకుంటుంది. అప్పటి సభ గడువు 2024 జనవరి 16. అంటే 2023 జూలై 17 నుంచి. ముందొచ్చినవారికి ముందు. పార్టీ ప్రధాన కార్యదర్శిని ముందురోజే ఢిల్లీ రైలెక్కించాం. కోరుకున్న మొదటి గుర్తు రాలేదు గానీ రెండోది వచ్చింది. ఆ సాయంత్రం వాళ్ల ఆఫీసులో మిఠాయిలు పంచుకున్నారు. గుర్తొస్తే గెలిచినట్టే అనుకునే అమాయకత్వం చిన్న పార్టీల్లో చూస్తుంటాను. కోప్పడలేం.

ఆరు కావాలి కాబట్టి ఎనిమిది చోట్ల వేద్దామన్నాను. ఇద్దరు రాలినా ఆరుగురు మిగలాలి. డబ్బు లెక్క చిన్నదే: అయిదు జనరల్ స్థానాలకు పదేసి వేలు, మూడు రిజర్వుడు స్థానాలకు అయిదేసి వేలు, మొత్తం 65 వేల డిపాజిట్. మనుషుల లెక్కే పెద్దది. ఒక్కో అభ్యర్థికి నాలుగు సెట్ల దాకా నామినేషన్ వేయొచ్చు, డిపాజిట్ ఒక్కసారే. కనీసం రెండు సెట్లు, రెండింటిలో వేర్వేరు ప్రతిపాదకులు ఉండాలని పట్టుబట్టాను. ఎనిమిది మందికి రెండేసి సెట్లు, సెట్టుకు పదిమంది. నూట అరవై మంది. అందరూ ఆయా నియోజకవర్గాల ఓటర్లే అయ్యుండాలి, ఓటరు జాబితాలోని పార్ట్ నంబరు, సీరియల్ నంబరు సహా. పెద్ద పార్టీకి ఇదే పని పదహారు మందితో అయిపోతుంది.

ఈ పది ఎక్కడి నుంచి వచ్చింది

ఈ పదిమంది నిబంధన ఊళ్లో వాళ్లకు చెప్తున్నప్పుడు ఒక పెద్దాయన నవ్వాడు. "సారూ, అది మా పుణ్యమే" అన్నాడు. నిజమే.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోతున్నా పట్టించుకునేవాళ్లు లేరని జలసాధన సమితి ఆధ్వర్యంలో ఊరూరి నుంచీ జనం నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. అదే ఏడాది తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ స్థానానికి 1,033 మంది నిలబడ్డారు. అప్పుడు లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయలు, అసెంబ్లీకి 250. ఆ ఏడాదే ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. డిపాజిట్లు ఒక్కసారిగా ఇరవై రెట్లు పెరిగాయి. గుర్తింపు లేని పార్టీల వాళ్లకు, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. గుర్తింపు పార్టీలకు మాత్రం ఒక్కరే. డిపాజిట్లు 2010లో మళ్లీ పెరిగి ఇప్పుడు లోక్‌సభకు 25 వేలు, అసెంబ్లీకి పదివేలు.

ఆ పెద్దాయన 1996లో ఆ 480 మందిలో ఒకడు. అప్పుడు 500 కట్టి తానే అభ్యర్థి. ఇప్పుడు మా మొదటి సెట్టులో ఏడో ప్రతిపాదకుడు.

బ్యాలెట్ మీద గుంపు తగ్గించాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. ఎవర్ని ఆపుతోందన్నదే నా పేచీ. 2019లో నిజామాబాద్ లోక్‌సభకు 185 మంది నిలిచారు. వాళ్లలో ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కొక్కరూ పాతికవేలు కట్టి, పదిమందిని తెచ్చుకున్నవాళ్లే. పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పేర్చాల్సి వచ్చింది. ఊరంతా ఒక్కటై కోపమొస్తే ఈ గోడ ఆగదు. డబ్బున్నవాడు నిలబెట్టే డమ్మీ అభ్యర్థికీ ఆగదు, పదిమందిని కూలికి తెచ్చినట్టు తెస్తాడు. ఆగిపోయేది మా పార్టీలాంటిదే. ఊరికి ఇద్దరు ముగ్గురు కార్యకర్తలు, వాళ్లలో సగం మంది ఓటు హైదరాబాద్‌లో.

బీఫాం పంతంగి దగ్గర ఆగింది

పదో తేదీకి వస్తాను. ఆ రోజు రెండు చోట్ల రెండు ఘటనలు.

మొదటిది పూర్తిగా మా తప్పు. ఏ ఫాం (పార్టీ తరఫున ఎవరు సంతకం చేయొచ్చో చెప్పేది), బీఫాం (పార్టీ అభ్యర్థి ఎవరో చెప్పేది) పార్టీ అధ్యక్షుడో, అధికారమున్న బాధ్యుడో సిరాతో సంతకం చేసి ఇవ్వాలి. రబ్బరు ముద్ర, ఫొటోకాపీ పనికిరావు. ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటిలోపు ఆర్వో చేతికి చేరాలి. మా వాళ్లు ఎనిమిది బీఫాంలూ ఒకే రాత్రి కూర్చుని రాశారు. ఒకదానిలో అభ్యర్థి పేరు ఒక నియోజకవర్గానిది, నియోజకవర్గం పేరు ఇంకోదానిది పడింది. ఇది బయటపడింది పదో తేదీ ఉదయం పదింటికి. హైదరాబాద్‌లో కొత్తది రాయించి కారులో పంపారు. రెండు గంటలకు కారు పంతంగి టోల్‌గేటు దగ్గర ఉంది. ఆర్వో ఆఫీసు చేరేసరికి మూడు దాటి పన్నెండు నిమిషాలు. ఆర్వో తీసుకోలేదు. చాలామంది ఆయన్ని తిట్టారు గానీ ఆయన చేసింది సరైనదే. ఆయన స్థానంలో నేనున్నా తీసుకోను.

ఇక్కడో విచిత్రం ఉంది. గుర్తింపు పార్టీ అభ్యర్థి ఒకే ప్రతిపాదకుడితో వేసి, బీఫాం అందకపోతే నామినేషనే చెల్లదు. మా అభ్యర్థికి ఎలాగూ పదిమంది ఉన్నారు కాబట్టి కాగితం నిలిచింది, స్వతంత్ర అభ్యర్థిగా. మనిషి మిగిలాడు, పార్టీ ఖాతాలో ఒకటి తగ్గింది. ఎనిమిది ఏడైంది.

రెండోది అవ్వది. గేటు దగ్గర ఆమెకు చెప్పులు తొడిగించి లోపలికి తీసుకెళ్లాం. అభ్యర్థితో పాటు నలుగురికే అనుమతి కాబట్టి నేను బయటికొచ్చి ఆమెను పంపాను. వేలికి సిరా అంటించి ముద్ర వేయించారు. బయటికొచ్చాక వేలు కొంగుకు తుడుచుకుంటూ, "ఏందయ్యా, ఓటుకు ముందే సిరా పెట్టిన్రు?" అంది. అందరం నవ్వాం. ఆ వేలుకు మూడు రోజుల తర్వాత ఎంత పని పడుతుందో అప్పటికి మాకు తెలియదు.

పండగపూట నోటరీ

పదో తేదీకీ, పదమూడున స్క్రూటినీకీ (నామినేషన్ల పరిశీలనకూ) నడుమ రెండో శనివారం, ఆదివారం. ఆ ఆదివారమే దీపావళి.

రిజర్వుడు స్థానంలో మా అభ్యర్థి ఆటో డ్రైవరు. ఫారం 26 అఫిడవిట్‌లో ఆస్తుల గడులు చాలావాటికి గీత గీసి వదిలేశాడు. "లేనిదానికి ఏం రాస్తాం సార్?" అన్నాడు. తర్కం బాగానే ఉంది. కానీ 2013లో రిసర్జెన్స్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు ఖాళీ గడులతో ఉన్న అఫిడవిట్ చెల్లదని తేల్చింది. లేకపోతే "లేదు" అనో "వర్తించదు" అనో రాయాలి. ఆర్వో చెక్‌లిస్టులో ఆ లోపం రాసి నోటీసిచ్చారు. స్క్రూటినీ మొదలయ్యేలోపు సరిచేసిన అఫిడవిట్ ఇవ్వాలి. దీపావళి రోజు ఏ నోటరీ ఆఫీసు తెరుస్తాడు? నాకు తెలిసిన ఒకాయన ఇంటికెళ్లాం. లక్ష్మీపూజకు ముందు, వాకిట్లో ముగ్గు వేస్తుండగా, అరుగు మీద కూర్చుని ముద్రలు వేశాడు. సోమవారం పదిన్నరకు అందజేశాం. పెద్ద పార్టీల్లో ఈ పని కోసమే ఒక వకీళ్ల బృందం ఉంటుంది. ఇక్కడ ఒక వకీలు, ఒక ఆటో.

743 కాదు, 734

పదమూడో తేదీ, పదకొండు గంటలు. అవ్వ నియోజకవర్గం. స్క్రూటినీకి అభ్యర్థి, ఎన్నికల ఏజెంటు, ఒక ప్రతిపాదకుడు, రాతపూర్వకంగా అధికారమిచ్చిన ఇంకొకరు ఉండొచ్చు. ఆ ఇంకొకరిని నేను.

మొదటి సెట్టు తీశారు. ప్రతిపాదకుల్లో నాలుగో పేరు జాబితాలో లేదు. ఆ కుర్రాడు ఎల్బీనగర్‌లో ఉంటూ ఓటు అక్కడికే మార్పించుకున్నాడు. మాకు చెప్పలేదు, మేం పాత జాబితా చూసుకున్నాం. పదిలో ఒకటి పోతే తొమ్మిది. ఆ సెట్టు తిరస్కరించారు. దానిమీద వాదించడానికేమీ లేదు.

రెండో సెట్టు. అభ్యంతరం వస్తుందనుకోలేదు. ఒక పెద్ద పార్టీ ఏజెంటు లేచి, పదో ప్రతిపాదకురాలి సీరియల్ నంబరు దగ్గర జాబితాలో వేరే పేరుందన్నాడు. చూస్తే నిజమే. 734 రాయాల్సింది 743 రాశాం. ఆర్వో కలం కాగితం మీదికి వెళ్లింది. ఆయన ముందరి సెట్టు ఊపులోనే ఉన్నాడు.

ఈ రెండు లోపాలు ఒకటి కావు. ఓటరే కాని మనిషి ప్రతిపాదించడం వేరు, ఓటరైన మనిషి నంబరు తప్పు పడటం వేరు. ప్రజాప్రాతినిధ్య చట్టం 33వ సెక్షన్ నాలుగో ఉపవిభాగానికున్న మినహాయింపు ఈ రెండో రకం కోసమే పుట్టింది. పేరులో, ఊరులో, జాబితా నంబరులో రాతపొరపాట్లు ఉంటే నామినేషన్‌కు ఢోకా లేదంటుంది. 36వ సెక్షన్ కూడా ముఖ్యం కాని లోపాలకు తిరస్కరించవద్దంటుంది. ఆ పేజీ ఫొటోకాపీ చేసి, గీత గీసి, ముందే జేబులో పెట్టుకున్నాను. తీసి బల్ల మీద పెట్టాను. అవ్వ ఓటరు కార్డు కూడా పెట్టాను. "ఒక్కసారి 734 చూడండి సార్" అన్నాను. చూశారు. ఆమె పేరు, భర్త పేరు, ఇంటి నంబరు, అన్నీ సరిపోయాయి. ఏజెంటు ఇంకా మాట్లాడబోతే నేను ఒకటే అడిగాను: అభ్యంతరం నమోదు చేసుకుని, దానికి జవాబివ్వడానికి మాకు గడువు ఇవ్వండి, చట్టంలో ఆ వెసులుబాటు ఉంది కదా అని. ఆ మాటకు ఆర్వో ఒక నిమిషం ఆలోచించి, "అక్కర్లేదు, యాక్సెప్ట్" అన్నారు.

నేనంత పట్టుగా ఎందుకు నిలబడ్డానో చెప్పాలి. ఆ బల్ల దగ్గర కాదంటే ఫలితాలు వచ్చేదాకా ఇంకెక్కడా అవుననేవాళ్లు లేరు. 1952లో పొన్నుస్వామి కేసు నుంచీ ఇదే పరిస్థితి. నమక్కల్‌లో ఆయన నామినేషన్ తిరస్కరిస్తే హైకోర్టుకెళ్లాడు, కోర్టు మాకు అధికారం లేదంది, సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఎన్నిక మధ్యలో కోర్టులు కల్పించుకోకుండా రాజ్యాంగం 329(బి) అడ్డం. ఎన్నికయ్యాక 45 రోజుల్లో ఎన్నికల పిటిషన్ వేసుకోవాలి. నామినేషన్ అన్యాయంగా తిరస్కరించారని రుజువైతే ఆ ఎన్నికే రద్దవుతుంది, ఫలితం మీద ప్రభావం పడిందా లేదా అని కూడా చూడరు. చదవడానికి ఎంత గట్టి చట్టమో! కానీ తీర్పు వచ్చేసరికి తరచూ సభ గడువు అయిపోవస్తుంది. చిన్న పార్టీ అప్పటికి ఉంటుందో లేదో. అందుకే నా పని కోర్టులో కాదు, ఆ బల్ల దగ్గర.

పదిహేనో తేదీ, మూడింటికి పది నిమిషాల ముందు, ఇంకో అభ్యర్థి ఉపసంహరించుకున్నాడు. ఫోను ఎత్తలేదు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒకసారి విత్‌డ్రా చేశాక వెనక్కి తీసుకునే దారి లేదు. ఏడు ఆరైంది. అవ్వ వేలిముద్ర నిలవకపోయి ఉంటే అయిదు.

గుర్తు ఎవరిది

అసలు దెబ్బ నేను ఊహించని చోట తగిలింది.

గుర్తుల దశ చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తీసుకోకూడదని మునుగోడు చెప్పింది. 2022 ఉపఎన్నికలో అక్కడ 47 మంది నిలిచారు. యుగతులసి అనే చిన్న పార్టీ అభ్యర్థికి లాటరీలో రోడ్డు రోలర్ వచ్చింది. అది తమ కారులా కనిపిస్తుందని టీఆర్ఎస్ అభ్యంతరం. కేటాయించిన గుర్తును ఆర్వో మార్చి బేబీ వాకర్ ఇచ్చారు. ఆ అభ్యర్థి ఈసీకి ఫిర్యాదు చేశాడు. ఈసీ వెంటనే రోడ్డు రోలర్‌ను తిరిగి ఇప్పించింది, ఆర్వోను మార్చింది. చిన్న పార్టీకి న్యాయం జరిగిన అరుదైన సందర్భం అది. జరిగింది ఫిర్యాదు ఆలస్యం కాకుండా వెళ్లింది కాబట్టే. మరుసటి ఏడాది అక్టోబర్‌లో టీఆర్ఎస్ (అప్పటికి బీఆర్ఎస్) అదే గొడవతో సుప్రీంకోర్టు దాకా వెళ్తే కారుకూ రోడ్డు రోలర్‌కూ తేడా ఓటరుకు తెలుసంటూ పిటిషన్ కొట్టేశారు. నాకు ఆ వాదనలో రెండు వైపులా కొంత నిజం కనిపిస్తుంది. చూపు మందగించిన ముసలివాళ్లు పొరపడరని నేను ప్రమాణం చేయను. కానీ ఆ పొరపాటు భారం చిన్న పార్టీ నెత్తిన వేయడం ఏం న్యాయం?

మా విషయానికొస్తే, బీఫాం అందని అభ్యర్థి స్వతంత్రుడయ్యాడు కదా, అక్కడ మా పార్టీకి అభ్యర్థి లేనట్టే. అభ్యర్థి లేని చోట కామన్ సింబల్ మామూలు ఫ్రీ సింబల్. ఎవరైనా అడగొచ్చు. మా వాడు నామినేషన్‌లో మూడు గుర్తుల ఐచ్ఛికాలు రాసేటప్పుడు, పార్టీ గుర్తు ఎలాగూ వస్తుందని దాన్ని వదిలేసి వేరే మూడు రాశాడు. నేనూ గమనించలేదు. ఇది నా తప్పు. అక్కడ ఎవరో స్వతంత్ర అభ్యర్థి మా గుర్తు కోరుకున్నాడు. పోటీ లేదు కాబట్టి ఇచ్చేశారు.

తర్వాతి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఇదే ముచ్చట పెద్ద ఎత్తున చూశాం. అప్పటికి గుర్తింపు లేని జనసేన 21 అసెంబ్లీ, 2 లోక్‌సభ స్థానాల్లో పోటీ చేసింది. మిగతా చోట్ల గాజు గ్లాసు ఫ్రీ సింబల్ జాబితాలో ఉండి స్వతంత్రులకు వెళ్లింది. కూటమి హైకోర్టుకెళ్తే ఈసీ కొంతమేర సర్దుబాటు చేసింది. పోటీ చేసిన అన్ని చోట్లా గెలిచాక, 2025 జనవరిలో గుర్తింపు వచ్చి గ్లాసు వాళ్లకు రిజర్వయింది. బలమున్న పార్టీకే అంత గొడవైతే మాదెంత?

ఇప్పుడు నా చెక్‌లిస్టులో మూడు మార్పులు. బీఫాంలు నామినేషన్ల రెండో రోజుకే ఆర్వోలకు ఇచ్చేస్తాం. ప్రతిపాదకుల పేర్లు తాజా అనుబంధ జాబితాతో ఇద్దరు వేర్వేరుగా సరిచూస్తారు, ఒకరు చదివితే ఒకరు వేలు పెట్టి చూడాలి. గుర్తుల గడిలో ప్రతి సెట్టులోనూ మొదటి ఐచ్ఛికం పార్టీ కామన్ సింబలే. నాలుగోది కోశాధికారి పని: 2024 జనవరి నుంచి కామన్ సింబల్ దరఖాస్తుతో మూడేళ్ల ఆడిట్ లెక్కలూ అడుగుతున్నారు. 2025లో ఆరేళ్లుగా పోటీ చేయని పార్టీలను ఈసీ ఆగస్టులో 334, సెప్టెంబర్‌లో 474 జాబితాలోంచి తీసేసింది. మా పార్టీ 2023లో పోటీ చేసిన రుజువులన్నీ ఫైలు కట్టి పెట్టాం.

ఫలితాల రోజు, డిసెంబర్ 3. ఆరుగురికీ డిపాజిట్లు గల్లంతు. అది ముందే తెలిసిందే. సాయంత్రం స్వతంత్రుడైన మా వాడు ఫోన్ చేశాడు. ప్రచారంలో పార్టీ గుర్తుతో ముందే అచ్చు వేయించిన పోస్టర్ల మీద కొత్త గుర్తు చీటీలు అతికించి తిరిగాడు పాపం. సగం చీటీలు ఊడిపోయాయట. మా గుర్తు దక్కించుకున్న ఆ తెలియని అభ్యర్థి ప్రచారమే చేయలేదు. అయినా ఆయనకు మా వాడికన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి.

"వకీల్ సాబ్, కేసు వేద్దామా?" అన్నాడు.

"ఎవరి మీద?"

"ఆయన మీదే. నా పోస్టర్ల పైసలన్న ఇయ్యాలె గదా."